నేలగదిలో బూజు బార్లీ

మా పాల సంఘానికి నూరేళ్ళు నిండుతున్నాయని పుస్తకం వేస్తున్నారు. సంఘం చీజ్‌ని మాగబెట్టే నేలగదిని చూసుకున్నవాళ్ళ మీద తలా ఒక పేజీ ఉండాలట. అధ్యక్షుడు గోట్హార్ట్ ఎప్ మా ఇంటికొచ్చి, కాఫీలో ఇంత సారా పోయించుకుని, "క్రెసెంజ్ గురించి నువ్వే రాయాలి ఆల్బిన్. ఎన్నేళ్ళ పొరుగు మీది! నాలుగు మంచి ముక్కలు రాసి పడెయ్" అన్నాడు.

నాలుగు మంచి ముక్కలు! క్రెసెంజ్ ఇందర్‌గాండ్ పోయి నాలుగేళ్ళయింది. ఆవిడ మీద ఒక మంచి మాట చెప్పమంటే ఈ ఊళ్ళో జనం ముందు గొంతు సవరించుకుంటారు. తరవాత "పని మాత్రం శుభ్రంగా చేసేది" అంటారు. అంతకు మించి ఎవరికీ ఏమీ దొరకదు. నాకు ఆ మాత్రం కూడా అనబుద్ధి కాదు. కొండ వాలున పైన ఆవిడ గడ్డిమడి, కింద నాది. ఆవిడ విసిరేసిన రాయి దొర్లుకుంటూ వచ్చి నా కొడవలికే తగిలేది. మా ఇద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది, ఉన్నది పచ్చగడ్డే కాబట్టి రోజూ భగ్గుమంటూనే ఉండేది.

సరే, మొదటినుంచీ చెబుతాను. ఆవిడ పుట్టింది లోయ పై కొసన, ఐదుగురు ఆడపిల్లల్లో ఆఖరిది. మాకు మూడేళ్ళకోసారి పెంకుపురుగులు గుంపులుగా ఎగిరి పచ్చికని పాడుచేసే ఏడాది వస్తుంది. ఆ రోజుల్లో ఇంటికిన్ని కుంచాల పురుగులు పట్టి సంఘానికి కొలిచి ఇవ్వాలని రూలు. తెల్లవారుజామున చలికి బిగుసుకుని ఉంటాయి కనక అప్పుడే చెట్టు కింద దుప్పటి పరిచి కొమ్మలు దులిపేవాళ్ళు. తొమ్మిదేళ్ళ క్రెసెంజ్ ఒక్కతే రెండు కుంచాలు మోసుకొచ్చిందట. కొలిచేవాడు "అడుగున ఆకులు కుక్కావు కదూ" అన్నాడట. ఈ పిల్ల కుంచం ఎత్తి మొత్తం వాడి బూట్ల మీద బోర్లించిందట. ఆకు ఒక్కటి కూడా లేదు. పురుగులు మాత్రం వాడి ప్యాంటులోకి ఎక్కాయి. ఈ కథ మా నాన్న నవ్వుతూ చెప్పేవాడు. నాకు అప్పుడూ నవ్వు రాలేదు. పెద్దయ్యాక ఆ బోర్లింపు నా మీద ఎన్నిసార్లు పడిందో నాకే తెలుసు.

ఇరవై ఏడో ఏట నేలగది తాళంచెవి ఆవిడ చేతికొచ్చింది. ఒకాయన పెళ్ళి చేసుకుంటానని వచ్చాడు, వచ్చినవాడు ఊరుకోక "పెళ్ళయ్యాక నేలగది మానేయాలి మరి" అన్నాడు. ఆవిడ లేచి వాకిలి తలుపు తీసి పట్టుకుంది. అతను బయటికెళ్ళాక వేసింది. అంతటితో పెళ్ళి ముచ్చట తీరిపోయింది. ఆ తాళంచెవి నడుముకి కట్టుకుని ముప్ఫై ఎనిమిదేళ్ళు తిరిగింది. చర్చికి కూడా దానితోనే వచ్చేది. మోకరిల్లినప్పుడు రాతినేలకి టంగుమని తగిలేది.

ఆవిడ జీవితమంతా బూజుతో యుద్ధం. మూడు వందల చీజ్ దిమ్మలు, ఒక్కోటీ చంటిపిల్లంత బరువు. రోజు విడిచి రోజు ప్రతిదాన్నీ దించి, ఉప్పునీళ్ళలో ముంచిన కుంచెతో రుద్ది, తిరగేసి పెట్టాలి. చేతులు ఎప్పుడూ పగిలి ఉండేవి, ఆ పగుళ్ళలోకి మళ్ళీ ఉప్పునీళ్ళే. నల్ల బూజు, పచ్చ బూజు, పిల్లి వెంట్రుకలా నిక్కబొడుచుకునే బూడిదరంగు బూజు, అన్నింటినీ వాసనతోనే పట్టేసేది. ఇంట్లో రొట్టె కాల్చి వచ్చినవాళ్ళని, పిండి పులుపు వెంట వస్తుందని, ఆ రోజు గడప తొక్కనిచ్చేది కాదు. కొట్టం బూట్లతో వచ్చినవాణ్ణి అయితే కుంచె తిరగేసి కొట్టేది. చర్చి పాదిరీనీ వదల్లేదు.

నాకూ ఆవిడకీ చెడింది అరవై ఎనిమిదిలో. అప్పుడు నాకు ఇరవై నాలుగు, మా నాన్న ఆవుల్ని నా చేతికి ఇచ్చి నెల కూడా కాలేదు. చీజ్‌కి వచ్చే పాలు పరీక్షించేదీ ఆవిడే. పాలకేంద్రంలో అందరూ వరసలో ఉండగా ఆవిడ నా డబ్బా మూత తీసి వాసన చూసి, మూత మళ్ళీ పెట్టేసి, డబ్బాని కాలితో నా వైపు నెట్టింది.

"ఫుర్రర్ వాళ్ళబ్బాయీ, దీంట్లో పాలు పోసే ముందు ఏం కడిగావు, కాళ్ళా?"

అందరూ పగలబడి నవ్వారు. అందరికంటే గట్టిగా ఎప్ నవ్వాడు. నేను పాలు తిరిగి మోసుకెళ్ళి పందులకి పోసి, ఇక చచ్చినా ఆవిడతో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నాను. నాకు అరవై ఏళ్ళొచ్చినా ఆవిడకి నేను ఫుర్రర్ వాళ్ళబ్బాయినే. నా పేరు ఆ నోటివెంట ఒక్కసారి కూడా వినలేదు.

మాటల్లేకపోయినా పాలు పోయక తప్పదు. పాలకేంద్రం గోడకి నల్లబోర్డు ఉంటుంది. మా పన్నెండు ఇళ్ళకీ పన్నెండు నంబర్లు, నంబరు పక్కన ఆ పూట పోసిన పాల బరువు. నాది ఏడు. నేను చెవిన పెట్టడం లేదు కనక ఆవిడ నాకు చెప్పాల్సింది సుద్దముక్కతో ఏడో నంబరు పక్కన రాయడం మొదలుపెట్టింది. మా ఇల్లు దగ్గర కాబట్టి అందరికంటే ముందు వచ్చేది నేనే. ఆవిడ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉండేది. నేను బోర్డు వైపు చూడకుండా, మొహం ఆవిడ వైపే పెట్టి, చొక్కా చేత్తో ఆ రాత తుడిచేసేవాణ్ణి. ఒక్క ముక్క చదివేవాణ్ణి కాదు. ఏముంటుంది, డబ్బా కంపు, కాళ్ళు కంపు, అదేగా! చదవకుండా తుడుస్తుంటే ఆవిడ దవడ బిగిసేది. ఆ బిగింపు చూడ్డానికే నేను మంచులో కూడా తొందరగా వెళ్ళేవాణ్ణి. మిగతావాళ్ళు వచ్చేసరికి బోర్డు శుభ్రం. నా కుడి చొక్కా చెయ్యి ఎప్పుడూ తెల్లగా ఉండేది. మా ఆవిడ వ్రేని ఉతికినప్పుడల్లా తిట్టేది. "నీ పంతం నాకు చాకిరీ" అనేది.

ఎనభై మూడులో నా ఎర్రావు ఫ్లోరి కొండ అంచున కంచె విరిగిన చోటునుంచి లోయలో పడి చచ్చింది. ఈనడానికి మూడు వారాలుంది. ఆ కంచె నా మడిలోంచి కనపడదు, పైన ఆవిడ మడిలోంచి అరచేతిలో పెట్టినట్టు కనపడుతుంది. ఆ వారమంతా ఆవిడ అక్కడే గడ్డి కోసింది. కళ్ళుండి చూసింది, నోరుండి చెప్పలేదు. ఇలాంటి మనిషి ఆవిడ అని పన్నెండేళ్ళు ప్రతి సారా బల్ల దగ్గరా చెప్పాను. విన్నవాళ్ళు తలలాడించారు. ఎప్ అయితే "అంత పగ ఉండకూడదు మనిషికి" అని నిట్టూర్చాడు కూడా.

ఇక బార్లీ దగ్గరికి వస్తాను. తొంభై ఒకటిలో పెంకుపురుగు విరగబడి ఎగిరింది. అవి మా గడ్డిలో పెట్టిన గుడ్లు పిల్లలయ్యి, బొటనవేలంత వేరుపురుగులయ్యాయి. చేత్తో గడ్డి పట్టి లాగితే చాపలా చుట్టుకుని వచ్చేసేది, వేళ్ళు లేవు. అడుగున తెల్లగా, బలిసి, వంకర తిరిగి పడుకుని ఉండేవి. వాటి కోసం కాకులు పొడిచి, నక్కలు తవ్వి మిగిలిన దాన్ని కూడా పాడుచేశాయి. మా వాలు మీద గడ్డి వేరు పట్టు వదిలితే మనిషి కాలు కూడా పట్టు వదులుతుంది. కోతకి వెళ్ళినవాళ్ళు నడుముకి తాడు కట్టుకుని వెళ్ళారు.

తొంభై రెండు వసంతంలో వ్యవసాయ శాఖ నుంచి ఉర్సినా అని ఒక అమ్మాయి వచ్చింది. సంఘం సభలో గాజుసీసా ఒకటి చేతులు మారింది. అందులో బార్లీ గింజలు, గింజగింజకీ తెల్లటి నూగు పట్టి ఉంది. అదొక బూజు. పురుగుకి తగిలితే ఒంట్లోకి దిగి తినేస్తుంది, చచ్చిన పురుగు మీద మొలిచి పక్క పురుగుకి అంటుకుంటుంది. గింజల్ని నేలలో వేలెడు లోతున నాటాలి. ఊరంతా నాటాలి, లేకపోతే నాటనివాడి మడిలోంచి పురుగు మళ్ళీ ఎగిరి వస్తుంది.

"ఎన్నాళ్ళకి చస్తాయి?" అన్నాడు ఎప్.

"రెండు మూడేళ్ళు పడుతుందండీ."

"రెండు మూడేళ్ళా! అందాకా మా ఆవులు గులకరాళ్ళు నమలాలా తల్లీ?"

సీసా క్రెసెంజ్ దగ్గరికి వచ్చింది. ఆవిడ ముట్టుకోలేదు. వెనక్కి జరిగి, దూరం నుంచే వాసన పీల్చింది.

"అమ్మాయ్, దీనికి ఎక్కడ ఆగాలో తెలుసా?"

"ఇది పెంకుపురుగుల జోలికే పోతుందండీ. చీజ్‌కి ఏమీ కాదు."

"బూజు చెప్పిన మాట వింటుందన్నవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా. ముప్ఫై ఏడేళ్ళుగా దాన్ని రుద్దీ రుద్దీ నా గోళ్ళు పోయాయి. ఇప్పుడు దాన్ని మేపాలా?"

అయినా చేతులెత్తారు, తీర్మానం అయింది. తరవాత బస్తాలు ఎక్కడ పెట్టాలన్న మాట వచ్చింది. నాటే యంత్రం ఒకటే, ఇళ్ళు పన్నెండు. వంతు వచ్చేదాకా బార్లీ చల్లగా, చీకటిగా ఉండాలి, వేడి తగిలితే బూజు చచ్చిపోతుంది. నేను లేచి నిలబడ్డాను. నిజం చెప్పాలంటే నాకు పురుగుల మీద ధ్యాసే లేదు, ఆవిడ మొహం ఎలా మారుతుందో చూద్దామనే లేచాను.

"శీతాకాలం చీజ్ అమ్ముడైపోయింది. నేలగది ఖాళీయే కదా" అన్నాను.

ఆవిడ మొహం సున్నంలా పాలిపోయింది. పదకొండు చేతులు లేచాయి. అంతటితో ఊరుకున్నానా? పుండు మీద కారం చల్లాలనిపించింది. "ఇంకొకటి రాయండి. బాధ్యుడి మాట లేకుండా ఆ బస్తాల మీద ఎవరి చెయ్యీ పడకూడదు. ఆవిడ చెయ్యి అసలే పడకూడదు" అన్నాను.

"బాధ్యుడెవరు?" అన్నాడు ఎప్.

"నేనుంటాను."

అదీ పుస్తకంలోకి ఎక్కింది. క్రెసెంజ్ తాళంచెవిని పిడికిట్లో పట్టుకుని కూర్చుంది.

లారీ వచ్చిన రోజు ఆవిడ తన వాటా రెండు బస్తాలు నేలగదిలో పెట్టనివ్వలేదు. "తీర్మానం అయింది కాబట్టి నాటుతాను. నా గదిలో మాత్రం నా బూజు ఒక్క పూట ఉండదు" అని లారీ మీదనుంచే వీపున ఎత్తుకుని కొండెక్కింది. యంత్రం కోసం చూడలేదు. పారతో గడ్డి పెళ్ళ ఎత్తడం, గుప్పెడు గింజలు వేయడం, మడమతో తొక్కడం. అరవై నాలుగేళ్ళ మనిషి, ఆ నిట్టవాలు మీద, రెండు రోజులు అదే పని. మేం కింద నిలబడి నవ్వుకున్నాం. "గింజకో గొయ్యి తీసి పాతిపెడుతోంది, పాదిరీని కూడా పిలవాల్సింది" అన్నాను నేను.

మూడో రోజు మంచు పడింది. మే నెలలో! నేల గట్టిపడిపోయి యంత్రం కదల్లేదు. మా బస్తాలు రెండు వారాలు నేలగదిలోనే ఉండిపోయాయి.

ఆవులు ఎగువ పచ్చికకి ఎక్కే ముందు, నేలగది ఖాళీగా ఉన్నప్పుడు, లోపల గంధకం కాల్చి తలుపులు మూసేసి, మర్నాడు గోడలకి సున్నం కొట్టడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. బూజు బీజం కూడా మిగలకూడదని. ఇది మంగళవారమే చేయాలి, ఎందుకో ఎవరికీ తెలీదు. దానికి ముందు శనివారం నేను పాలకేంద్రానికి వెళ్ళేసరికి ఏడో నంబరు పక్కన రాత ఉంది. తుడిచేశాను. ఆదివారం మళ్ళీ ఉంది. తుడిచేశాను. సోమవారం ఎంత పెద్ద అక్షరాలతో రాసిందంటే చెయ్యి రెండుసార్లు తిప్పాల్సి వచ్చింది. ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. నేను ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాను.

మంచు కరిగాక బస్తాలు బయటికి తీశాం. కొద్దిగా గంధకం వాసన వచ్చింది. నేలగదిలో ఏదో ఒక వాసన ఎప్పుడూ ఉంటుందిలే అనుకున్నాం. గింజల మీద నూగు తెల్లగానే ఉంది. తాళ్ళతో యంత్రాన్ని వాలు మీదికి లాగి, పదకొండు మడుల్లోనూ నాటాం.

మరుసటి ఏడు వసంతంలో ఉర్సినా వచ్చి పారతో చెక్కలు తీసింది. నా మడిలో అడుగు చదరంలో పదమూడు పురుగులు, పదమూడూ నిగనిగలాడుతూ బతికే ఉన్నాయి. ఎప్ మడిలోనూ అంతే. పదకొండు చోట్లా అంతే. తరవాత క్రెసెంజ్ మడిలో తవ్వింది. అక్కడ పురుగులు సుద్దముక్కల్లా గట్టిపడి, ఒంటినిండా తెల్లటి బూజుతో దొరికాయి. చాలా మటుకు చచ్చాయి. అసలు తవ్వక్కరలేదు, కాకులే చెప్పాయి. మా పదకొండు మడుల్లో పొడుస్తున్న కాకులు ఆవిడ మడి మీద వాలడం మానేశాయి.

ఉర్సినా మా బస్తాల అడుగున మిగిలిన గింజలు పట్టుకెళ్ళి పరీక్ష చేయించింది. బూజు చచ్చిపోయి ఉంది. "వీటిని ఎక్కడ పెట్టారు?" అని అడిగింది. అంతే, ఊరు ఒక్కసారిగా లేచింది. తనది మాత్రం ముందే నాటుకుని, మాది గంధకం పెట్టి చంపిందని. నలభై ఏళ్ళ కసి ఒక్కసారి తీర్చుకుందని. సభ పిలిచారు. ఆ రోజు మా చీజ్ దిమ్మలు ఎండబెట్టే బల్లలన్నీ తెచ్చి వేసినా జనం నిలబడే ఉన్నారు.

"గంధకం ఎందుకు కాల్చావు?" అన్నాడు ఎప్.

"ప్రతి ఏడూ ఎందుకు కాలుస్తానో అందుకే. ఆ రోజు మంగళవారం."

"బస్తాలు ఉన్నాయని తెలుసుగా?"

"వాటిని ముట్టొద్దని మీరే రాసుకున్నారుగా? బాధ్యుడికి చెప్పాను."

"ఎవరికి?"

"ఫుర్రర్ వాళ్ళబ్బాయికి. బోర్డు మీద రాశాను. మూడు రోజులు."

అందరి తలలూ నా వైపు తిరిగాయి. అప్పటిదాకా, ప్రమాణపూర్తిగా చెబుతున్నాను, ఆ మూడు రాతల్లో ఏముందో నాకు తెలీదు. ఆ క్షణంలో తెలిసింది. ఒక్క మాట చాలు, "తుడిచేశాను" అంటే సరిపోయేది. పదకొండు ఇళ్ళ గడ్డి నా చొక్కా చేతికి అంటుకుని పోయిందని వాళ్ళందరి ముందూ ఒప్పుకోవాలి. అదీ ఆవిడ ముందు!

"నేనేమీ చదవలేదు" అన్నాను. ఇందులో అబద్ధం ఉందా? ఒక్క అక్షరం లేదు.

"వాడి చొక్కా చెయ్యి చూడండి!" అంది ఆవిడ.

సభ కదా, నేను మంచి కోటు వేసుకొచ్చాను. దాని మీద సుద్ద లేదు. ఎవరో నవ్వారు.

"పోనీ, ఇంకొకరికి చెప్పొచ్చుగా? నాకు చెప్పొచ్చుగా?" అన్నాడు ఎప్.

"బాధ్యుడు వాడని చేతులెత్తింది మీరు. నేను మీ మాట మీరలేదు" అంది. అదే ఆవిడతో చిక్కు. మెడ విరుగుతుందే కానీ వంగదు. ఎప్‌కి ఒక్క మాట చెప్పి ఉంటే అయిపోయేది, చెప్పలేదు. ఆ తప్పు ఆవిడదే, ఇప్పటికీ అంటాను. కానీ ఆ తప్పుకి పడాల్సిన శిక్ష అది కాదు.

మళ్ళీ చేతులెత్తారు. నేనూ ఎత్తాను. క్రెసెంజ్ నడుము తాడు విప్పడానికి చాలాసేపు పట్టింది, ముడి బిగుసుకుపోయింది. ఎవరూ సాయం వెళ్ళలేదు. తాళంచెవిని బల్ల మీద పెట్టి, "ఉత్తరం గోడ చెమ్మ పడుతుంది. రోజూ చూడండి" అని వెళ్ళిపోయింది. తాళంచెవి ఎప్ అల్లుడికి ఇచ్చారు.

వాడు రోజూ చూడలేదు. మొదటి ఏడే పిల్లి వెంట్రుక బూజు పట్టి అరవై దిమ్మలు పందులకి పోయాయి. క్రెసెంజ్ గడ్డి గంప వీపున పెట్టుకుని అటు వెళుతూ, ఆగకుండా, తలుపు వైపు ముక్కు తిప్పి "మూడో అర, గోడ వైపు" అనేదట. వెళ్ళి చూస్తే బూజు అక్కడే ఉండేదట. వాడికి ఒళ్ళు మండి కిటికీకి గోనె కట్టాడు. ఇంట్లో ఆవిడ మెట్లు రోజుకి మూడుసార్లు కడుగుతోందని, కడగడానికి ఏమీ దొరక్క కట్టెలు కూడా కడుగుతోందని చెప్పుకుని జనం నవ్వారు. నేను నవ్వలేదు. మా కిటికీలోంచి ఆ కడగడం నాకు కనపడేది.

తొంభై ఐదు ఆకురాలు కాలం. గడ్డి లేక నా తొమ్మిది ఆవుల్లో నాలుగు అమ్మేశాను. ఒక పొద్దున కంచె దగ్గరికి వెళితే నా మడిలో, నా గట్టుకి ఇవతల, క్రెసెంజ్ వంగి ఉంది. పక్కన బకెట్టు. పారతో నా గడ్డి పెళ్ళ ఎత్తుతోంది, బకెట్టులోంచి ఏదో తీసి కింద పెడుతోంది, మడమతో తొక్కుతోంది. దగ్గరికెళ్ళి చూశాను. బూజు పట్టి చచ్చిన పురుగులు. తన మడిలో ఏరి తెచ్చింది. అప్పటికే నా పై గట్టు పొడవునా అలాంటి తొక్కుడు గుర్తులు ఉన్నాయి. ఎన్నాళ్ళనుంచి చేస్తోందో!

ఇరవై ఏడేళ్ళ తరవాత నా నోటినుంచి ఆవిడతో వచ్చిన మొదటి మాట "ఇదేంటి?"

ఆవిడ లేవలేదు. "నీ కోసం కాదు. నీ పురుగులు నీ గట్టు దగ్గర ఆగుతాయా? రెక్కలొచ్చి నా నెత్తిన పడతాయి."

"బూజంటే నీకు పడదుగా?"

"పడదు. నాకు పడనివాళ్ళు చాలామంది ఉన్నారు. పని జరగాలి కదా." ఇంకో పురుగుని తీసి పెట్టింది. "'మంగళవారం గంధకం. బస్తాలు తీయించు.' నాలుగు మాటలు. చదవడానికి ఎంతసేపు పట్టేది?"

"సభలో గట్టిగా చెప్పాల్సింది" అన్నాను. ఎంత సిగ్గులేని మాటో అన్నాక తెలిసింది.

"రాశానని చెప్పాను. తుడిచానని చెప్పాల్సింది నేనా?" అప్పుడు లేచి నిలబడి, మొదటిసారి నా మొహంలోకి చూసింది. "ఎర్రావు చచ్చిన వారం కూడా రాశాను. 'పడమటి కంచె, రెండు గుంజలు పోయాయి, అంచు వైపు.' రెండు రోజులు రాశాను. రెండు రోజులూ తుడిచావు. మూడో రోజు నేనే గుంజలు పట్టుకుని వెళ్ళాను. అప్పటికే పడిపోయింది."

పన్నెండేళ్ళుగా నేను బల్లబల్లకీ మోసిన కథ అది. ఆవిడ బకెట్టు ఖాళీ అయ్యేదాకా పని చేసుకుని, పార భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ నాతో మాట్లాడలేదు.

ఆ ఏడు సంఘం సభకి ఒప్పుకుందామనే వెళ్ళాను. తాళంచెవి ఆవిడకి తిరిగి ఇవ్వమని అడుగుదామనుకున్నాను. చివర్లో ఎప్ "ఇంకెవరికైనా చెప్పేదుందా?" అన్నాడు. తేలుకుట్టిన దొంగలా కూర్చున్నాను. నోటితో కాదులే, రాసి చెబుతానని మర్నాడు పొద్దున అందరికంటే ముందు పాలకేంద్రానికి వెళ్ళి, ఏడో నంబరు పక్కన, "గంధకం సంగతి క్రెసెంజ్ నాకు మూడుసార్లు రాసింది. నేను చదవకుండా తుడిచాను" అని రాసి ఇంటికొచ్చాను. గంట తరవాత పాలడబ్బాతో మళ్ళీ వెళ్ళాను. బోర్డు నల్లగా, తడిగా ఉంది. ఎప్ అల్లుడు గుడ్డ పిండుతున్నాడు.

"ఇక్కడేదో రాసుందే?" అన్నాను.

"ఏమోనండీ, పొద్దున్నే మొత్తం తుడిచేస్తాను. ఏముందో ఎవడు చూశాడు?"

హమ్మయ్య అనుకున్నాను. అవును, అలాగే అనుకున్నాను, ఇక్కడ దాచేదేముంది! నా వంతు నేను చేశాను, దేవుడు వద్దన్నాడు అని సర్దిచెప్పుకున్నాను. మళ్ళీ సుద్దముక్క ముట్టుకోలేదు. ఆవిడ ఇంకో తొమ్మిదేళ్ళు బతికింది, ఆ తొమ్మిదేళ్ళూ నేలగది మెట్లు దిగలేదు. చివరి శీతాకాలం మంచాన ఉండగా వ్రేని సూపు పట్టుకెళితే గిన్నె అడుగు వేలితో రుద్ది చూసి, "మీ ఇంట్లో గిన్నెలు నువ్వే తోముతావు కదూ, వాడు కాదు" అందట. చచ్చేదాకా అదే నోరు.

ఇప్పుడు నా మడి నిండా గడ్డి. వేరుపురుగు చదరానికి ఒకటో రెండో, అవీ తెల్లబడినవే. బూజు ఆవిడ గట్టు దగ్గర మొదలై, ఏడాదికి కొంచెం కొంచెం కిందికి దిగి, నా మడి దాటి ఎప్ మడిలోకి కూడా పోయింది. ఆవులు మళ్ళీ తొమ్మిదయ్యాయి. ఆ గడ్డి కోసినప్పుడల్లా నాకు ఆవిడ మీద కోపం వస్తుంది, ఎందుకంటే దాన్ని తిరిగి ఇచ్చే దారి ఒక్కటి కూడా మిగల్చకుండా పోయింది.

ఎప్, నువ్వడిగిన పేజీ ఇదే. ఒకటి అడిగితే ఇన్ని వచ్చాయి. మంచి ముక్కలు నాలుగున్నాయో లేవో వెతుక్కో. పుస్తకంలో వేస్తావో, పొయ్యిలో వేస్తావో నీ ఇష్టం. కానీ ముందు చివరిదాకా చదువు, తరవాతే పారెయ్. నేను ఆవిడకి ఆ మాత్రం కూడా చేయలేదు.